గ్రహణం పూట మేష్టారి ఇల్లు

పోయిన వారం మనం సుద్దలపేట ఒడ్డున ఆగిపోయాం, గుర్తుంది కదా. హైస్కూలు చుక్కల క్లబ్బు పిల్లలు సొంతంగా పైపూ అద్దమూ కూర్చి చేసుకున్న టెలిస్కోపుని చేపలు ఎండేసే వెదురుగడల మీద నిలబెట్టారు. ఆ గడల వాసనకి పేటలో పిల్లులన్నీ అడక్కుండానే క్లబ్బులో చేరిపోయాయి. సాయంత్రం సూర్యుడు పడమట దిగుతుంటే, తూర్పున సముద్రంలోంచి అప్పటికే గ్రహణం పట్టిన చంద్రుడు పైకి లేస్తాడని నరసింగరావు మేష్టారు చెప్పి ఉన్నారు. ఆయన మాట పట్టుకుని, క్లబ్బు లీడరు నీలవేణి పేటలో ఎవరూ చేయని పని చేసింది. కడుపుతో ఉన్న వదిన పైడితల్లిని, తల్లి కూర్మమ్మ కళ్లు గప్పి, పెరటి దారిన ఒడ్డుకి తీసుకొచ్చేసింది. అందరూ వచ్చారు. పిల్లులు కూడా వచ్చాయి. మేష్టారే రాలేదు.

అక్కణ్ణించి మొదలు పెడదాం.

గ్రహణం రోజు కాబట్టి పేటలో ఒక్క పడవా నీళ్లలోకి దిగలేదు. అన్నీ ఇసుక మీద వరసగా పడుకుని ఉన్నాయి. వాటిలో ఒక దాని చాటున పైడితల్లి కాళ్లు చాపుకుని కూర్చుంది. పెళ్లయ్యాక ఇలా వెలుగుండగానే ఒడ్డున ఊరికే కూర్చోవడం ఆమెకి ఇదే మొదలేమో, ముఖంలో కాస్త భయం, కాస్త సంబరం రెండూ కనిపిస్తున్నాయి.

"నీలూ, మీ సారు కూతురేదే? ఆయమ్మ కూడా వస్తాదన్నావు కదా."

"వస్తాదొదినా. సార్ స్కూటర్ మీద తీసుకొస్తారు."

"ఆయమ్మ వస్తందనే నేనొచ్చాను. లేపోతే మీ అమ్మ నా ఈపు సాపు సేసీదూ?"

ఆ మాట నిజమే. క్లాసులో మేష్టారు అందరి ముందూ చెప్పిన మాట అది. "మా అనూరాధ పురిటికొచ్చి ఇంట్లోనే ఉంది. దాన్నీ ఒడ్డుకి తీసుకొస్తాను. నీలవేణీ, మీ వదిన్ని కూడా రమ్మను. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని గ్రహణం చూశారంటే, ఈ పేటలో ఇంకే ఆడపిల్లనీ చీకటి గదిలో కట్టెలా పడుకోబెట్టరు." అది విని క్లాసంతా చప్పట్లు కొట్టింది. నీలవేణి అయితే చేతులు ఎర్రబడేదాకా కొట్టింది.

ఆయన మాటంటే క్లబ్బుకి అంత గురి మరి. గ్రహణం పూట పళ్లెంలో రోకలి నిలబడుతుందని అందరూ చెప్పుకుంటారు కదా, ఆయన మామూలు మంగళవారం నాడు స్కూలు వరండాలో నీళ్ల పళ్లెం పెట్టి రోకలిని నిలబెట్టి చూపించారు. "ఏ రోజైనా నిలబడుతుందర్రా, అడుగు చదునుగా ఉంటే చాలు" అన్నారు. ఆ రోకలిని తీయడం క్లబ్బులోని బాబీగాడు మర్చిపోయాడు. మధ్యాహ్న భోజనం వండే జగ్గమ్మ అటుగా వచ్చి చూసి, ఓలమ్మో ఇయ్యాల గ్రహణమని ఎవరూ సెప్పలేదేటని గుండెలు బాదుకుని, సాంబారు గుండిగ మీదా అన్నం మీదా గరిక వేసి, పిల్లలెవరినీ ముట్టనివ్వలేదు. గ్రహణం లేదని ఆమెని ఒప్పించి అన్నం పెట్టించేసరికి మేష్టారికి గొంతు పోయింది. ఆ రోజు క్లబ్బు నవ్విన నవ్వు ఇంకా ఆ వరండాలో ఉండే ఉంటుంది.

"సార్ ఫోన్ ఎత్తట్లేదే" అన్నాడు బాబీ, నోటి నిండా మురీ మిక్చరుతో. గ్రహణం పూట తినాలని క్లబ్బు తీర్మానం. దాన్ని అమలు చేయడంలో బాబీని మించినవాడు లేడు.

పైడితల్లి ఫోన్ నీలవేణి చేతిలోనే ఉంది. మళ్లీ కొట్టింది. ఈసారి స్విచాఫ్. టెలిస్కోపుకి కన్ను ఆనించి చూసే ఐపీసు మేష్టారి దగ్గరే ఉంటుంది. ఉప్పుగాలికి పాడవుతుందని ప్రతిసారీ గుడ్డలో చుట్టి ఇంటికి పట్టుకెళ్తారు. అది లేకపోతే ఇంత కష్టపడి చేసిన టెలిస్కోపు వట్టి పైపే.

"స్కూటర్ ఆగిపోయిందేమో. నేనెళ్లి తీసుకొచ్చేస్తాను" అని నీలవేణి బాబీ సైకిలెక్కింది. మేష్టారి మీద ఆమెకి అప్పటికి ఇంత అనుమానం కూడా లేదు. ఉన్నదల్లా తల్లి గురించిన భయమే. కూర్మమ్మ చెల్లెలింటి నుంచి తిరిగొచ్చి కోడలు లేదని చూసేలోగా, మేష్టారు ఒడ్డున నిలబడి ఉండాలి. ఆయన ఉంటే కూర్మమ్మ నాలుగు తిట్టి ఊరుకుంటుంది. ఆయన లేకపోతే, రేపు వదినకి చిన్న నలత వచ్చినా, పుట్టే బిడ్డకి ఒంటి మీద మచ్చ ఉన్నా, అదంతా నీలవేణి చేసిందే అవుతుంది. దూరాన వెరావల్ రేవులో బోట్ల మీద వేటకి వెళ్లిన అన్నయ్య శివాజీ తిరిగొచ్చి అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఒక్క సమాధానం ఉండదు.

వీధుల్లో మనిషి లేడు. తలుపులన్నీ మూసేసి ఉన్నాయి. ఓ కిటికీలోంచి ముసలి గొంతు, "ఒసే, గ్రహణం పట్టీసినాది, ఎక్కడికే ఆ పరుగు?" అని కసిరింది. నీలవేణి గంట మోగించుకుంటూ పోయింది.

మేష్టారి ఇల్లు హైస్కూలు వెనక వీధిలో. స్కూటరు మెట్ల పక్కనే ఉంది. దాన్ని చూడగానే, హమ్మయ్య, ఇంట్లోనే ఉన్నారు అనుకుంది. తలుపు కొట్టింది. మేష్టారి భార్య ధనలక్ష్మి రెక్క కాస్త తీసి, ఆ సందులోంచే మాట్లాడింది.

"సారు లేరమ్మా. పని మీద విజయనగరం ఎళ్లారు."

"స్కూటర్ ఉంది కదా అమ్మగారూ."

"బస్సుకెళ్లారు."

నీలవేణి చూపు ఆమె భుజం మీదుగా వెళ్లింది. వరండా తీగ మీద మేష్టారి పొందూరు ఖద్దరు చొక్కా వేలాడుతోంది. చుక్కలు చుక్కలుగా నీళ్లు కారుతున్నాయి. పక్కనే తడి పంచె.

లోపల్నించి ఎవరో తుమ్మారు. ఆ తుమ్ము తొమ్మిదో తరగతి నుంచీ నీలవేణికి తెలుసు. సుద్దముక్క పొడి ముక్కులోకి వెళ్లినప్పుడల్లా వినేదే.

ధనలక్ష్మి మంచి మనిషే. అబద్ధం చెప్పడం అలవాటు లేదు కాబట్టి, తుమ్ము వినగానే తలుపు వదిలేసి పక్కకి జరిగింది. నీలవేణి లోపలికి వచ్చింది.

నరసింగరావు మేష్టారు పడకగది తలుపుకి అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. ఉతికిన పంచె, తడి జుట్టు. పట్టు స్నానం అయిపోయిందన్నమాట. గ్రహణం పట్టగానే ఒకటీ విడవగానే ఒకటీ స్నానం చేసేవాళ్లని, "ఆ నీడ ఇంత దూరం వచ్చి మీ వీపు రుద్దుతుందా?" అని క్లాసులో వేళాకోళం చేసిన మనిషి ఈయనే. నీలవేణి చుట్టూ చూసింది. మంచినీళ్ల డ్రమ్ము మీద గరిక. ఆవకాయ జాడీ మీద గరిక. పాలగిన్నె మీద గరిక. ఫ్రిజ్ మీద కూడా ఓ పోచ పెట్టారు. లోపల ఉన్న వాటికి కరెంటు చాలదనుకున్నారో ఏమిటో.

ఇంకో సమయంలో అయితే నవ్వొచ్చేది. ఆ క్షణంలో ఆమెకి నవ్వు రాలేదు. పడకగది కిటికీ హాల్లోకి తెరుచుకుంటుంది. దానికి నల్లటి అట్ట అడ్డం పెట్టి అంటించారు. ఆ అట్టని చూసి నీలవేణి దగ్గరికి వెళ్లింది.

అది క్లబ్బు అట్ట. సైన్సు గదిలో ఆకాశం చూపించడానికని, క్లబ్బులోని హేమా నీలవేణీ కలిసి గుండుసూదితో చుక్క చుక్కా గుచ్చిన నల్ల అట్ట. వెనక బల్బు పెడితే గొల్లకావిడి, సప్తర్షులు గోడ మీద వెలుగుతాయి. పోయిన వారం నించీ అది కనిపించడం లేదని వెతుకుతున్నారు. ఎలకలు కొట్టేశాయేమో అన్నారు మేష్టారు. ఇప్పుడు ఆ అట్ట ఇక్కడుంది. ఏ కంతలోంచీ వెలుగు లోపలికి పోకుండా ప్రతి చుక్క మీదా చిన్న చిన్న ప్లాస్టరు ముక్క అంటించి ఉంది. ఎంత ఓపిగ్గా అంటించారో. గొల్లకావిడి మూడు చుక్కల మీదా మూడు ముక్కలు.

"సార్, ఇది మా ఆకాశం" అంది.

మేష్టారు తల ఎత్తలేదు.

"కూర్చో నీలవేణీ."

"కూకోడానికి రాలేదు సార్. వదిన ఒడ్డునుంది. మీరొస్తారని సూస్తంది. అక్క వస్తాదని సూస్తంది."

అప్పుడు తల ఎత్తారు.

"నిజంగా తీసుకొచ్చేశావా? మీ అమ్మ ఒప్పుకోదులే అనుకున్నాను."

నీలవేణికి ఆ మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అంటే ఆయన రమ్మన్నది రావాలని కాదు. ఎలాగూ రారు కదా అన్న ధైర్యంతో, చప్పట్లు కొడతారని అన్నారు. ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో ముందున్నది తనే.

"మీరు సెప్పారు కదా సార్. మీరు సెప్తే అయిపోయినట్టే కదా మాకు."

మేష్టారు లేచి అలమరలోంచి గుడ్డలో చుట్టిన ఐపీసు తీశారు. "ఇది తీసుకెళ్లి చూసుకోండి. నాకు ఒంట్లో బాగోలేదని చెప్పు. హేమకి ఎలా బిగించాలో తెలుసు." చెయ్యి చాపి అలాగే నిలబడ్డారు. నీలవేణి దాన్ని అందుకోలేదు.

"ఒంట్లో బాగోలేనోళ్లు చన్నీళ్లు పోసుకుంటారా సార్?"

ధనలక్ష్మి కలగజేసుకుంది. "ఏటమ్మా ఆ మాటలు? ఆయన బాధ నీకు తెలీదు. చెప్పండి, దానికి చెప్పండి. పిల్ల తప్పుగా అనుకుంటంది."

ఆయన చెప్పారు. అనూరాధకి మొదటిసారి కడుపు వచ్చినప్పుడూ ఇలాగే గ్రహణం వచ్చింది. ఈయనే పట్టుబట్టి విజయనగరంలో వియ్యాలవారి మేడ మీదికి తీసుకెళ్లి చూపించారు. తర్వాత ఆ బిడ్డ నిలవలేదు. డాక్టరమ్మ కారణం చెప్పింది, కాగితం మీద బొమ్మ వేసి మరీ చెప్పింది. మేష్టారికి అర్థమైంది. వియ్యపురాలికి ఆ కారణం అక్కర్లేకపోయింది. నలుగురూ ఉన్నప్పుడల్లా ఆవిడ ఆ మేడ గురించే మాట్లాడుతుంది.

"అది నీడేనమ్మా. నీడ తప్ప ఏమీ లేదు. నాకు తెలుసు. పొద్దున్న కూడా నీకు ఫోన్ చేసి వస్తున్నానని చెబుదామనుకున్నాను. అనూ ముఖం చూస్తే చెయ్యి ఆడలేదు. ఈసారి కూడా ఏదైనా అయితే ఇంక నేను బతకలేను నీలవేణీ."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నీలవేణికి జాలి వేసింది. నిజంగానే వేసింది. ఆ జాలి వల్లే కోపం ఇంకా ఎక్కువైంది. ఈయన అబద్ధాలకోరు అయినా బాగుండేది, అసహ్యించుకుని వెళ్లిపోయేది.

"బయపడితే తప్పేటి లేదు సార్. మా అమ్మకీ బయమే. ఆవిడ బయమేస్తందని సెప్పి తలుపేస్తాది. మీరు మా తలుపు తీసీసి, మీ తలుపు ఏసుకున్నారు." ఏడుపు గొంతుతోనే మళ్లీ అందుకుంది. "అక్కకేటైనా అవుతాదని బయపడ్డారు. మా వదినకేటైనా అవుతాదని ఎందుకు బయపడలేదు సార్? మీ కూతురిదైతే కడుపు, మా వదినదైతే ప్రయోగమా?"

ధనలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈ ప్రశ్న ఇరవయ్యేళ్ల సర్వీసులో ఆయన్ని ఏ ఇన్‌స్పెక్టరూ అడగలేదు.

అప్పుడు తలుపు లోపల్నించి గొంతు వినిపించింది.

"నాన్నా, ఎవరది?"

"ఎవరూ లేరమ్మా. నువ్వు కదలకు, పడుకో."

"ఎవరూ లేకపోతే ఎవరు ఏడుస్తున్నారు?"

గడియ తీసిన చప్పుడైంది. మేష్టారు కుర్చీ జరపలేదు. తలుపు కుర్చీకి తగిలి ఆగింది. ఆ సందులోంచి అనూరాధ ముఖం కనిపించింది. చీకట్లో పొద్దుటి నుంచీ వెల్లకిలా పడుకోవడం వల్ల జుట్టంతా అణిగిపోయి ఉంది.

"నువ్వు నీలవేణివి కదూ? ఇక్కడున్నావేంటి? మబ్బులు పట్టాయని, క్లబ్బువాళ్లు మానుకున్నారని నాన్న చెప్పారే."

"మబ్బేటక్కా! ఒక్క తునక లేదు. అందరం ఒడ్డునే ఉన్నాం. మిమ్మల్ని తీసుకొస్తానని సార్ సెప్పారు. మా వదిన మీ కోసమే కూకుంది."

అనూరాధ తండ్రి వైపు చూసింది. కేకలు వేయలేదు. వేసినా బాగుండేదని ఆయనకి అనిపించి ఉంటుంది.

"నన్ను అడక్కుండా నన్ను తీసుకొస్తానని ఊరందరికీ చెప్పారు. నన్ను అడక్కుండానే గదిలో పెట్టారు. ఈ రెంటి మధ్యా నన్ను ఒక్కసారి అడగాలనిపించలేదా నాన్నా?"

"అనూ, నీ మంచికేనమ్మా."

"మా అత్తగారూ ఇదే మాటంటుంది."

కుర్చీని తలుపుతోనే నెట్టి బయటికి వచ్చింది. పొట్ట మీద చెయ్యి వేసుకుని, కిటికీకున్న నల్ల అట్టనీ, దాని మీది ప్లాస్టరు ముక్కల్నీ చూసింది. తర్వాత నీలవేణి వైపు తిరిగింది.

"నేనొస్తాను. కానీ నువ్వు చెప్పు. చూస్తే ఏమీ కాదా?"

"నీలవేణీ, వద్దను" అన్నారు మేష్టారు గబుక్కున. "నువ్వంటే వింటుంది. ఈ ఒక్కసారికీ వద్దని చెప్పమ్మా."

నీలవేణి ఆయన్ని చూసింది. నీడ ఎలా పడుతుందో బంతులు పట్టుకుని గంటలకొద్దీ నేర్పించిన ఆ చేతులు, ఇప్పుడు ఆమెని బతిమాలుకుంటున్నాయి. సమాధానం ఆమెకి నోటికి వచ్చు. బంతులతో సహా చెప్పగలదు. అయినా నోరు రాలేదు.

"నాకు తెలీదక్కా. ఇన్నాళ్లూ సార్ సెప్తే, తెలుసనుకున్నాను."

అంతే అంది. అన్నాక ఏడుపు ఆగలేదు.

చేతిలో ఫోన్ మోగింది. బాబీ. ఎత్తగానే వినిపించింది మాత్రం కూర్మమ్మ గొంతు, అలల హోరుని కూడా మించిపోయి.

"ఒసే నీలూ! ఎక్కడున్నావే? నా కళ్లల్లో కారం కొట్టీసి కోడల్ని ఒడ్డుకి తెచ్చీసినావా? నువ్వింటికి రాయే, నీ పని సెప్తాను. మేస్టరుగారేరి? అక్కడున్నారా?"

"ఉన్నారమ్మా."

"ఇయ్యి. ఆరికియ్యి."

నీలవేణి స్పీకరు నొక్కి ఫోన్ మేష్టారి ముందుకి చాపింది. కూర్మమ్మ గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. చదువుకున్నవాళ్లతో మాట్లాడేటప్పుడు ఆమె గొంతు అలాగే తగ్గుతుంది.

"బాబూ, దండాలు. మీ మీద కోపంతోనే ఒడ్డుకొచ్చాను. వచ్చి సూస్తే ఈ పిల్ల నవ్వతా కూకున్నాది. మావోడు ఊళ్లో లేడు, ఈ పిల్లని నా సేతిలో ఎట్టి ఎళ్లాడు. నాకు సదువు లేదు బాబూ. సందమావ నీళ్లలోంచి లేసీసినాడు, సగం నల్లగున్నాడు. ఈ పిల్లని ఉంచీమంతారా, ఇంటికి తోలుకెళ్లిపొమ్మంతారా? మీకూ కడుపుతో ఉన్న కూతురున్నాది. ఆయమ్మకేటి సెప్పారో, మా కోడలికీ అదే సెప్పండి. మీ మాట మీద ఉంతాను."

అనూరాధ అప్పటికే ఒక కాలు వీధి గడప అవతల పెట్టి, తలుపు పట్టుకుని నిలబడింది. వినడానికి ఆగింది. నీలవేణి కళ్లు తుడుచుకోకుండానే ఫోన్‌ని ఇంకొంచెం దగ్గరికి జరిపింది. మేష్టారు నోరు తెరిచారు. కూతురి వైపు చూశారు, మళ్లీ ఫోన్ వైపు చూశారు.

"బాబూ, ఉన్నారా?" అని కూర్మమ్మ మళ్లీ అడిగింది.